ఎల్లవ్వ సవతి

సూరత్ బమ్రోలిలో మా వీధికి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారం నిద్రపోలేరు. కింద, పక్కన, వెనక అంతా మగ్గాల ఖాతాలే, అంటే మరమగ్గాల షెడ్లే. పగలూ రాత్రీ టకటకమంటూనే ఉంటాయి. రెండో వారానికి అలవాటవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ చప్పుడు లేకపోతేనే నిద్ర పట్టదు. కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగినప్పుడు మా వీధిని చూడాలి. అందరూ వాకిళ్లలోకి వచ్చి, ఏదో పోగొట్టుకున్నట్టు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు.

అలాంటి ఒక మధ్యాహ్నమే నేను కింది వాటా బ్రహ్మచారి చేసిన ఇంజను కూత మొదటిసారి విన్నాను. పదకొండేళ్ల కిందటి మాట. మున్సిపాలిటీ తెలుగు బడిలో పంతులమ్మగా చేరి, ఆయన ఉండే ఇంట్లోనే పైగది అద్దెకు తీసుకున్నాను. మా వీధి దరిదాపుల్లో రైలు పట్టాలు లేవు. అయినా కింది నుంచి సన్నగా, తీయగా, ఎప్పుడో నిద్రలో విన్నట్టుగా ఒక ఆవిరిబండి కూత వచ్చింది. నాకు అది నిజమని నమ్మబుద్ధి కాలేదు. మెట్లు దిగి చూస్తే, వాకిట్లో గుండ్రంగా పరిచిన ఇనుప పట్టీల మీద పెద్ద పిల్లి అంత రైలింజను ఆవిరి వదులుతూ తిరుగుతోంది. దాని పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"టీచరమ్మా, జర కాలు జరుపుండ్రి. బండొస్తున్నది," అన్నాడు తలెత్తకుండానే. అదే మా పరిచయం.

పేరు బ్రహ్మచారి గానీ ఇంట్లో భార్య కరుణ ఉంది, పెళ్లిళ్లయిన ఇద్దరు కూతుళ్లున్నారు. కులం కమ్మరి. పద్నాలుగేళ్లప్పుడు నిజామాబాద్ దిక్కు పల్లె నుంచి మేనమామ వెంట సూరత్ వచ్చి, ఒక లేత్ షాపులో ఇనుప రజను ఊడవడంతో మొదలుపెట్టాడు. ఇప్పుడు అరవై దాటాయి. అదే షాపులో మగ్గాలకు కావలసిన బుష్‌లు, పిన్నులు లేత్ మీద తిప్పి తీస్తాడు. సేఠ్‌కు ఆయనంటే గౌరవం. మిగిలిన ఇత్తడి ముక్కలు, రాగి గొట్టం తునకలు ఇంటికి తీసుకుపోతే వద్దనడు. వాటితోనే సెలవు రోజుల్లో బ్రహ్మచారి ఇంజన్లు చేస్తాడు. స్పిరిటు దీపం వెలిగిస్తే బాయిలర్లో నీళ్లు మరిగి, ఆవిరి పుట్టి, నిజంగా నడిచే ఇంజన్లు. మగవాళ్లు వ్యసనాల కోసం ఏమేమి చేస్తారో మా వీధిలో రోజూ చూసేదాన్ని కాబట్టి, కరుణతో అన్నాను, నీ అదృష్టం బాగుందని. "గిన్నెలు తోముకునేదాన్ని, స్పిరిటు దీపమంటే ఏందో ఎరగనిదాన్ని, ఇప్పుడు దినాం దాని వాసనే," అని విసుక్కుంది.

నేను ఆ ఇంట్లో దిగేనాటికి అటక మీద ఆరు ఇంజన్లు ఉన్నాయి. వేటికీ పేర్లు లేవు. ఎందుకని అడిగితే, "పేరు ఒక్కటే ఉన్నది టీచరమ్మా. అది వేరే బండికి దాసిపెట్టిన," అన్నాడు.

ఆ పేరు శ్యామల.

బ్రహ్మచారి తండ్రి వాళ్ల ఊరి దగ్గరి చక్కెర మిల్లులో చిన్న రైలింజను నడిపేవాడు. చెరుకు తోటల నుంచి మిల్లుకు చెరుకు మోసే బండి అది. మిల్లు యజమాని దానికి తన కూతురి పేరు పెట్టి, ఇత్తడి పలక పోత పోయించి బిగించాడు. బ్రహ్మచారికి అయిదేళ్లప్పుడు విషజ్వరమొచ్చి తండ్రి పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. ముఖం గుర్తు లేదు. అయితే శ్యామల గుర్తుంది. తండ్రి పోయాక కూడా అది చెరుకు తోటల మధ్య నుంచి పొగ వదులుతూ పోతుంటే, కట్ట మీద నిలబడి రోజూ దండం పెట్టేవాడట. ఊరు వదిలే రోజు కూడా పెట్టే వచ్చాడు.

ఇక ఆయన తల్లి ఎల్లవ్వ. ఎనభై దాటిన మనిషి. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, సగం నిద్రలో సగం మెలకువలో ఉంటుంది. మగ్గాల చప్పుడు ఆవిడకు చెరుకు గానుగ చప్పుడులా వినిపిస్తుందేమో, "ఇయ్యాల మిల్లు మస్తు నడుస్తున్నది," అంటుంది. తాపీ నది మీది గాలి వీస్తే తోటకు నీళ్లు పెట్టారంటుంది. నోరు మాత్రం మంచి పదును. మొగుడి పేరు పలకదు. కొడుకు పేరూ పలకదు, ఎందుకంటే అది ఆవిడ మామ పేరు. మామ పేరు కోడలి నోట రాకూడదు కదా. అరవై ఏళ్లుగా "కొడుకా," "బిడ్డా" అనే పిలుస్తోంది. శ్యామల పేరు పలకడానికి మాత్రం అడ్డేమీ లేదు, అయినా పలకదు. "నా సవతి," అంటుంది. మొగుడు ఇంట్లో కంటే దాని దగ్గరే ఎక్కువసేపు ఉండేవాడని మిల్లు కార్మికుల లైన్లలో ఆడవాళ్లు ఆటపట్టించేవారట. అలా నిలిచిపోయిన పేరు.

"ఒక్కసారి నా సవతిని ముట్టుకోవాలె బిడ్డా. ముట్టుకున్నంక పోయినా మంచిదే," అని ఆవిడ అన్నప్పటి నుంచి బ్రహ్మచారికి వేరే ధ్యాస లేదు. అయితే కొలతలు కావాలి. చిన్నప్పటి చూపుతో ఇంజను చేయలేరు.

కొలతలు భీమశంకరం గారి దగ్గర దొరికాయి. ఆయనది రాజమండ్రి వైపు. హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. దేశంలో ఏ మూల మిల్లులో, ఏ గనిలో ఏ చిన్న ఆవిరింజను తిరిగిందో పుస్తకాల్లో రాసుకోవడం ఆయన పని. మంచి మనిషే, కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బ్రహ్మచారి ఇంజన్ల సంగతి ఎవరో చెబితే వెతుక్కుంటూ బమ్రోలి వచ్చారు. మాటల్లో శ్యామల పేరు రాగానే లేచి నిలబడ్డారు. మర్నాడు ఒక డ్రాయింగు, ఒక పాత ఫోటో పట్టుకొచ్చారు. ఫోటోలో ఇంజను పక్కన ఇత్తడి పలక స్పష్టంగా ఉంది.

బ్రహ్మచారి ఫోటోను రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. "గిదే సారు. గిదే మా నాయిన బండి. నేను దినాం దండం పెట్టింది దీనికే."

రెండేళ్లు పట్టింది. ఆరు చక్రాలు, ఎత్తైన పొగగొట్టం, బాయిలర్‌కు అటూ ఇటూ రెండు నీళ్ల తొట్లు. దానికి బ్రహ్మచారి మొక్కజొన్న గింజంత అక్షరాలతో ఇత్తడి పలక చెక్కి, నాలుగు మరలతో బిగించాడు. నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. కానీ ఆ పలకను ఆయన గుడ్డతో తుడిచే తీరు చూస్తే, అది బొమ్మ అని అనడానికి నోరు రాలేదు.

దసరా నాడు పనిముట్లకు పూజ చేసి, ఇంజనును తల్లి ఒడిలో పెడదామనుకున్నాడు. భీమశంకరం గారు ఇక్కడి దసరా ఫలహారం ఫాఫ్డా, జిలేబీ పొట్లాలతో వచ్చారు. లేత్ షాపుకు, మగ్గాలకు సెలవు. వీధంతా సద్దుమణిగి, ఎండ కూడా మెల్లగా నడుస్తున్నట్టుంది. ఎల్లవ్వకు కరుణ కొత్త చీర కట్టింది. బ్రహ్మచారి ఇంజను తెచ్చి ఒడిలో పెట్టాడు.

ఎల్లవ్వ చేతులు ముందు పొగగొట్టం మీదికి పోయాయి. పైనుంచి కింది దాకా తడిమింది. ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. తర్వాత చేతులు పక్కలకు జారాయి. రెండు వైపులా తొట్లు తగిలాయి. అక్కడ ఆగిపోయాయి.

"ఇది నా సవతి గాదు," అంది.

"ఏంది అవ్వా గట్లంటవు? నేను కండ్లార జూసిన బండి గదా," అన్నాడు బ్రహ్మచారి.

"గాదు బిడ్డా."

భీమశంకరం గారు ఊరుకోలేకపోయారు. "లేదమ్మా, నా దగ్గర కాగితం ఉంది. ఆ మిల్లు, ఆ పేరు, అన్నీ సరిపోయాయి."

"నీ కాయితం పోయి ఆయనకు బువ్వ పెట్టి వచ్చిందా సారు?" అంది ఎల్లవ్వ. అని, ఇంజనును ఒడిలోంచి మెల్లగా పక్కకు జరిపి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆరోజు జిలేబీ ఎవరమూ ముట్టలేదు.

అసలు భయం అక్కడ మొదలైంది. అంతకు ముందు నెలలోనే ఎల్లవ్వ రెండుసార్లు కరుణను పట్టుకుని, నువ్వు ఎవరి బిడ్డవని అడిగింది. మతిమరుపు మొదలైందని డాక్టరు అన్నాడు. ఇప్పుడిది. బ్రహ్మచారి ఇంజనును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. నాలుగు సెలవు రోజులు గడిచినా పనిముట్ల పెట్టె తెరవలేదు. మెట్ల మీద కూర్చుని ఒకరోజు నాతో అన్నాడు:

"మా నాయిన నాకు యాది లేడు టీచరమ్మా. అవ్వ చెప్పిందే నాకు తెల్సిన నాయిన. ఇప్పుడు అవ్వనే మర్సిపోతే ఇగ ఆయన యాడుంటడు?"

పక్కన మెట్టు మీద నేనూ కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత డ్రాయింగు పట్టుకుని పైకి వచ్చాడు. కొలతల్లో తనదే ఏదైనా తప్పు పడిందేమో, మూలన ఇంగ్లీషులో సన్నగా ఏదో రాసి ఉంది, చదివి పెట్టమన్నాడు. తల్లి మతి చెడిందనడం కంటే తన చేయి తప్పిందనడం ఆయనకు సులువనిపించిందని నాకర్థమైంది. అద్దాలు పెట్టుకుని చదివాను. చేసిన కంపెనీ పేరు, ఇంజను నెంబరు ఉన్నాయి. దాని కింద భీమశంకరం గారి చేతిరాత: మిల్లువాళ్లు ఈ ఇంజనును వాడిన సరుకుగా కొన్నది 1970 జూన్.

"మీ నాన్నగారు పోయింది ఎప్పుడు?" అని అడిగాను.

"అరవై తొమ్మిదిల. కార్తీక మాసం."

ఆయనకు ఇంకా అందలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. ఈ ఇంజను మిల్లుకు వచ్చేసరికి మీ నాన్న పోయి ఏడు నెలలైంది, ఆయన దీన్ని చూసి కూడా ఉండడు అన్నాను. బ్రహ్మచారి కాగితాన్ని తిప్పి వెనక వైపు చూశాడు, అక్కడేమైనా రాసి ఉంటుందేమోనని.

వెంటనే భీమశంకరం గారికి ఫోన్ చేశాం. చాలాసేపు అవతల కాగితాలు తిప్పిన చప్పుడే వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "శ్యామల పేరు మీద నా పుస్తకంలో రెండు నెంబర్లున్నాయండీ. మొదటిది ఎవరో తప్పు రాశారనుకుని నేనే కొట్టేశాను. ఒక మిల్లులో ఒకే పేరు రెండింటికి ఎందుకు పెడతారు అనుకున్నాను." మర్నాడే వచ్చి, ఎల్లవ్వ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "నాదే తప్పమ్మా," అన్నారు. అంత పెద్ద మనిషి ఆ మాట అంత సూటిగా అంటారని నేననుకోలేదు.

అప్పుడు ఎల్లవ్వ చెప్పింది. మొగుడు పోయిన కొన్ని నెలలకే ఆ పాత ఇంజనును తుక్కుకు అమ్మేశారు. ఆడపిల్ల పేరు తుక్కులోకి పోకూడదని యజమాని ముందే పలక విప్పించాడు. మరో బండి కొన్నాక, దసరా నాడు కొబ్బరికాయ కొట్టి అదే పలకను దానికి బిగించారు. ఏడాది తిరిగేసరికి అందరికీ అదే శ్యామల. ముందొకటి ఉండేదన్న ధ్యాస కూడా ఎవరికీ లేదు.

"మామ పేరు మనుమనికి పెట్టుకోలేదా అవ్వా మీరు?" అన్నాను నేను, ఊరుకోలేక.

"మనిషికి పెడితె పాతాయన యాదికొస్తడు టీచరమ్మా. బండికి పెడితె పాతదాన్ని మరుస్తరు. తోటల కూలికి పోతుంటె అది పక్కపొంటి పోయేది. నా సవతి నగ పెట్టుకొని ఇంకోతి తిరిగినట్టుండేది. మొఖం తిప్పుకునేదాన్ని."

బ్రహ్మచారి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మరి నేను దండం పెట్టుకుంట నిలవడితె ఎందుకు చెప్పకపోతివే?"

ఎల్లవ్వ కొడుకు గొంతు వచ్చిన వైపు చేయి చాచింది. "నువ్వు గంత సంబురంగా పెడుతుంటివి. నాయిన పోతున్నడు, నాయిన పోతున్నడు అని ఉర్కుతుంటివి. పసిపోరనివి. అది నీ నాయిన బండి గాదు అని ఎట్ల చెప్పాలె బిడ్డా? చెప్పొద్దనే ఉంటి ఇన్నేండ్లు. మొన్న చేతులు తాకంగనే నోట్లెకెళ్లి వచ్చె."

ఆ మాటకు బ్రహ్మచారి పిల్లవాడిలా ఏడ్చాడు. దండం పెట్టిన తొమ్మిదేళ్లూ పోయినందుకు కొంత, తల్లి మతి పోనందుకు కొంత అనుకుంటాను. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

తర్వాత, "అది ఎట్లుంటుండె అవ్వా?" అని అడిగాడు.

దానికి ఫోటో లేదు, డ్రాయింగు లేదు. భీమశంకరం గారి పుస్తకంలో కొట్టేసిన నెంబరు ఒక్కటే ఉంది. ఎల్లవ్వ కరుణను పిలిచి జొన్నపిండి తడిపి తెమ్మంది. రొట్టెలకు ఉంచిన పిండి అంతా ఆ సాయంత్రం ఇంజనుకే పోయింది. కళ్లు లేని ముసలావిడ మంచం మీద కూర్చుని, పిండి ముద్దను నొక్కుతూ చెబుతుంటే మేమంతా చుట్టూ చేరాం. చక్రాలు ఆరు కాదు, నాలుగే. పొగగొట్టం పొట్టిది, పైన గంగాళం అంచులాగా విచ్చుకుని ఉంటుంది. కూత సన్నగా ఉండదు, జర బొంగురుగా ఉంటుంది. నీళ్ల తొట్టి పక్కలకు కాదు, బాయిలర్ వీపు మీద జీను వేసినట్టు ఉంటుంది.

"ఆ తొట్టి కాడనే నాకు దానితోటి పని," అంది. "పగటీలి బువ్వ తీస్కపోతె, మీ నాయిన తొట్టి నల్లా తిప్పి బొక్కెనల నీళ్లు పట్టేటోడు. కింద మంటకు తొట్టి నీళ్లు గోరువెచ్చగ ఉంటుండె. ఇంటికి తెచ్చి, శెనగపిండితోటి రుద్ది నీకు తానం పోసేదాన్ని. నీకు నడకొచ్చేదాంక నా సవతి నీళ్లతోనే తానం."

భీమశంకరం గారు పుస్తకం తెరిచి, కొట్టేసిన గీత పక్కన అన్నీ రాసుకున్నారు. వీపు మీద తొట్టి అని రాసి, దాని కింద రెండు గీతలు గీసుకున్నారు.

ఈసారి బ్రహ్మచారికి రెండేళ్లు లేవు. చలికాలం వచ్చేసరికి ఎల్లవ్వ మంచం దిగడం మానేసింది. సంక్రాంతి పతంగుల పండుగ నాడు మేడలన్నీ అరుపులతో మోగిపోతుంటే, ఈయన కింద ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. చక్రాల కోసం, పిస్టన్ల కోసం అటక మీది పాత ఇంజన్లు రెండింటిని విప్పేశాడు. చిన్న ఇంజన్లకు పై తొట్టి అలంకారానికే పెడతారు, లోపల నీళ్లు పోయనక్కరలేదని భీమశంకరం గారు చెప్పినా వినలేదు. తొట్టిని రాగితో నిజంగానే చేసి, దానికి శెనగగింజంత నల్లా పెట్టాడు. తొట్టిలో పట్టేది గట్టిగా పావు గ్లాసు.

హోలీకి ముందు ఒక మధ్యాహ్నం కబురు పంపితే దిగి వెళ్లాను. భీమశంకరం గారు అప్పటికే వచ్చి ఉన్నారు. అటక మీది నుంచి రెండేళ్లు కష్టపడి చేసిన ఆరు చక్రాల ఇంజను కూడా దించి పెట్టారు. బ్రహ్మచారి దాని పక్కన కూర్చుని, పలకకున్న నాలుగు మరలు ఒక్కొక్కటే విప్పాడు. తొందరపడలేదు. పలకను ధోవతి అంచుతో తుడిచి, నాలుగు చక్రాల ఇంజనుకు బిగించాడు. అప్పుడెప్పుడో మిల్లులో బండి తుక్కుకు పోయే ముందు విప్పిన పలక, యాభై ఏళ్లు దాటాక మళ్లీ తన బండికి వచ్చినట్టయింది. భీమశంకరం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

దీపం వెలిగించాడు. కరెంటు పోలేదు గానీ, మా ఇంటి పక్క ఖాతాలో షిఫ్టు మారే వేళ కాబట్టి మగ్గాలు ఆగి ఉన్నాయి. ఆవిరి పట్టడానికి కొంత సేపు పట్టింది. అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఎండలో ఆ రాగి తొట్టి మెరుస్తుంటే, చెరుకు తోటల వాసన ఎలా ఉంటుందో నాకు ఎందుకో తెలిసినట్టే అనిపించింది. నేను చెరుకు తోటలున్న ఊరు ఎప్పుడూ చూడలేదు.

కూత వేశాడు. బొంగురుగా, పొట్టిగా వచ్చింది.

పడుకుని ఉన్న ఎల్లవ్వ తల తిప్పింది. "లేపుండ్రి నన్ను," అంది. కరుణ వీపు కింద చేయి వేసి కూర్చోబెట్టింది. బ్రహ్మచారి దీపం ఆర్పి, కింద మందంగా గుడ్డ పెట్టి ఇంజనును తల్లి ఒడికి ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ చేతులు పొగగొట్టం అంచును చుట్టి, అక్కడి నుంచి తొట్టి మీదికి వచ్చాయి. అరచేతులు రెండూ దాని వీపు మీద ఆనించి అలాగే ఉండిపోయింది.

"వచ్చినవా సవతీ," అంది. "మస్తు రోజులకు వస్తివి."

ఇక ఆవిడకు మేమెవరమూ అక్కడ లేనట్టే ఉంది. వేళ్లు తొట్టి పక్కగా వెతుక్కుంటూ పోయి, నల్లాను పట్టుకున్నాయి. దాన్ని తిప్పి, కింద దోసిలి పట్టింది. వెచ్చటి నీళ్లు సన్నటి ధారగా పడ్డాయి. దోసిలి నిండక ముందే తొట్టి అయిపోయింది.

"తల వంచు బిడ్డా," అంది.

బ్రహ్మచారి ఇంజనును భీమశంకరం గారికి అందించి, మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. ఎల్లవ్వ ఆ నీళ్లు కొడుకు నెత్తి మీద పోసింది. తెల్లబడిన జుట్టును తడిపి, తడి చేతులతో నుదురు, చెంపలు, చెవుల వెనక అంతా రుద్దింది.

"కండ్లు మూస్కో. పిండి పడ్తది," అంది.

"మూస్కున్ననే అవ్వా," అన్నాడు బ్రహ్మచారి.